కాపలా మారిన పట్టు



రోహిణి ఎండలు దాటాం. మృగశిర కార్తె వచ్చింది. వరి రైతు ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను నారుమడి మీద వేసి ఉంటాడు. తేనెటీగలు పెంచేవాళ్ళకు మాత్రం ఇది పెట్టెలు దించుకునే వేళ. పొద్దుతిరుగుడు అయిపోయింది. నువ్వుల పూత పోయింది. చింత పూత కూడా రాలిపోతోంది. పై పెట్టెల్లోని తేనె తీసి డబ్బాలకెత్తాం. ఆ డబ్బాల సంగతి ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, వాటికి ధర ఉంది. తేనె తీయగా మిగిలిన ఖాళీ ఫ్రేముల, అంటే ఈగలు కట్టిన మైనపు పట్టు ఉన్న చెక్క చట్రాల, సంగతే మరిచిపోతాం. ఈ పూట నేను మాట్లాడేది వాటి గురించి.

నేను ఈ పనిలోకి దిగిన మొదటి ఏడాది ఆరు పెట్టెల ఖాళీ ఫ్రేములు మిగిలాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, ధాన్యం గదిలో ఓ మూలకు నెట్టి, గోనెపట్టాలు కప్పి, తలుపు బిగించాను. దుమ్ము పడకూడదు, ఎలుక దూరకూడదు, అంతే నా జాగ్రత్త. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఒరేయ్, గాలాడకుండా మూసేస్తే కందులే పురుగు పడతాయి, నీ మైనం పట్టదా?" అంది. కందులు వేరు, మైనం వేరు అన్నాను.

దసరాకు తలుపు తీశాను. మూత ఎత్తగానే బూడిద రంగు గుడ్డ కప్పినట్టు ఒక పొర. వేలితో లాగితే దారాలు దారాలుగా సాగింది. దాని కింద పట్టు లేదు. గసగసాల్లాంటి నల్లటి రెట్ట, నలిగిన మైనం పొడి, అందులో మెదులుతున్న తెల్లటి పురుగులు. ఫ్రేము చెక్కల మీద కూడా చిన్న చిన్న పడవలు తొలిచినట్టు గుంటలు. ఆరు పెట్టెల్లో ఒక పెట్టెడు ఫ్రేములు కూడా పనికిరాలేదు. అమ్మ ఏమీ అనలేదు. చేటలో కందులు చెరుగుతూ కూర్చుంది.

ఆ నష్టం ఎంతటిదో నాకు ఆ తర్వాతి పూత కాలంలో తెలిసింది. మైనం ఎక్కడి నుంచో దొరికే సరుకు కాదు. ఈగ తన పొట్ట కింది గ్రంథుల నుంచి పొలుసులు పొలుసులుగా దాన్ని చెమరుస్తుంది. ఒక కిలో మైనం తయారు కావాలంటే ఈగలు సుమారు 6 నుంచి 8 కిలోల తేనె తినాలని లెక్క కడతారు. కట్టిన పట్టు చేతిలో ఉంటే, పూత రాగానే ఈగ నేరుగా తేనె పోస్తుంది. పట్టు లేకపోతే ముందు ఇల్లు కట్టుకోవాలి. అది ఇల్లు కట్టుకునే పది పదిహేను రోజుల్లో పూత సగం దాటిపోతుంది. అందుకే దాచిన పట్టు అంటే దాచిన విత్తనం.

ఒకప్పుడు ఈ బెడద లేదు. కొండల్లో తుట్టె కోసి పిండుకున్న రోజుల్లో దాచడానికి పట్టే మిగిలేది కాదు. 1852లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ కదిలే ఫ్రేముల పెట్టెకు పేటెంట్ తీసుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో తిరుచిరాపల్లి వైపు రెవరెండ్ న్యూటన్ మన చిన్న ఈగలకు సరిపోయే పెట్టె చేసి ఎంతోమందికి నేర్పాడు. అప్పటి నుంచి పట్టు చెడకుండా తేనె తీసి, అదే పట్టును మళ్ళీ ఈగలకు ఇవ్వగలుగుతున్నాం. పట్టు మిగలడం ఆ విద్య ఇచ్చిన వరం. దాన్ని కాపాడుకోవలసిన బరువు కూడా దానితోపాటే మన మీద పడింది.

ఇక ఆ పురుగు సంగతి. మనవాళ్ళు దాన్ని మైనపు పురుగు అంటారు. పెద్దది, చిన్నది అని రెండు రకాలున్నాయి. ఎక్కువ నష్టం పెద్దదానితోనే. రెక్కలొచ్చాక అది బూడిద రంగు చిమ్మట. మీ ఇంట్లో దీపం చుట్టూ తిరిగే మిగతా చిమ్మటల్లాగే ఉంటుంది. అది పట్టును తినదు. అసలు ఏమీ తినదు, తినడానికి దానికి సరైన నోరే లేదు. రాత్రి వేళ వచ్చి, సందుల్లో, పగుళ్ళలో గుడ్లు పెట్టి పోతుంది. ఒక్క ఆడ చిమ్మట 300 నుంచి 600 దాకా పెడుతుంది. గుడ్డు గసగసాల గింజకన్నా చిన్నది. ఫ్రేము శుభ్రంగా ఉందని మనం అనుకున్నప్పుడు కూడా అది అక్కడ ఉండవచ్చు. మన వేడికి మూడు నుంచి ఐదు రోజుల్లో గుడ్డు పగులుతుంది. తినేదంతా ఆ పిల్ల పురుగే. నాలుగు వారాల్లో అది అంగుళం పొడవు ఎదిగి, చెక్కను తొలిచి, గట్టి గూడు అల్లుకుంటుంది. నా ఫ్రేముల మీద కనబడిన పడవ గుంటలు అవే. పురుగులు గుంపు కడితే వాటి ఒంటి వేడికే పెట్టె లోపల ఉక్క పెరుగుతుంది. ఆ ఉక్కలో అవి ఇంకా తొందరగా ఎదుగుతాయి.

రేడియో వింటున్న మీకు ఈ చిమ్మట చెవి గురించి ఒక మాట చెప్పాలి. మనిషి చెవికి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా వినబడుతుంది. ఈ చిమ్మట 300 కిలోహెర్ట్జ్ దాకా వింటుందని 2013లో స్కాట్లాండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కనిపెట్టారు. తెలిసిన జీవుల్లో ఇంతటి చెవి మరి దేనికీ లేదు. చీకట్లో వేటాడే గబ్బిలం కూత వినడానికి దానికా చెవి. గబ్బిలాన్నే తప్పించుకునే చిమ్మట మీ గోనెపట్టాను చూసి ఆగుతుందా?

ఆ చిమ్మట ఎవరికి ఆగుతుందో చెబుతాను. ఈగకు ఆగుతుంది. బలమైన పెట్టె ముందు వాలితే కాపలా ఈగలు తరిమేస్తాయి. తప్పించుకుని గుడ్డు పెట్టినా, పిల్ల పురుగు బయటపడగానే కూలి ఈగలు పీకి బయట పారేస్తాయి. ఈగలు రెండు వైపులా కమ్ముకుని ఉన్న పట్టులో ఈ పురుగు కాపురం పెట్టలేదు. పట్టును కాపాడేది పెట్టె చెక్క కాదు, ఈగ. మనం ఆ పట్టును తీసుకొచ్చి గదిలో పెట్టిన క్షణం కాపలా మారింది. ఈగ చేతిలోంచి మన చేతికి వచ్చింది. ఈ ఒక్క మాట గుర్తుంటే, ఇక ముందు చెప్పే పద్ధతులన్నీ మీకే తోస్తాయి.

కాబట్టి మొదటి పని, కాపలాను వీలైనంతవరకు ఈగకే వదిలేయడం. కాని ఈగలు కమ్మగలిగినన్ని పట్లే పెట్టెలో ఉంచాలి. వానల్లో పూత లేనప్పుడు ఈగ తగ్గిపోతుంది. పది ఫ్రేముల పెట్టెలో ఈగ ఆరు ఫ్రేములకే సరిపోతే, మిగతా నాలుగూ కాపలా లేని ఇళ్ళే. వాటిని తీసేయండి. అడుగు పలక మీద రాలిన మైనం పొడి, పుప్పొడి, చచ్చిన ఈగలు, వీటిని వారానికోసారి గీకేయండి. గీకినదాన్ని పెట్టె పక్కనే పారేయకండి. మూత ఉన్న డబ్బాలో వేసి తీసుకెళ్ళండి. ఆ చెత్తే పురుగుకు పురిటి గది.

అరకు వైపు మన చిన్న ఈగలు పెంచే వాళ్ళకు ఈ మాట మరీ ముఖ్యం. చిన్న ఈగకు, మరో పెంపుడు రకమైన పెద్ద ఈగంత ఓపిక లేదు. పట్టులో పురుగు ముదిరితే పెట్టె వదిలి లేచిపోతుంది. అప్పుడు మనం పురుగును తిడతాం. చాలాసార్లు అసలు జబ్బు అంతకుముందే మొదలై ఉంటుంది. రాణి పోయి ఉండవచ్చు, తిండి లేకపోవచ్చు, పక్క చేలో కొట్టిన మందుకు ఈగ రాలిపోయి ఉండవచ్చు. ఇల్లు బలహీనపడ్డాక వచ్చిన దొంగ ఈ పురుగు.

రెండో పని, తీసిన ఫ్రేముల్ని వేరు చేయడం. కాగితం, కలం అక్కర్లేదు, ఒక్కొక్క ఫ్రేమును వెలుతురుకు ఎత్తి చూడండి. కొన్ని తెల్లగానో లేత పసుపుగానో ఉంటాయి. వాటిలో తేనె మాత్రమే పోసి ఉంటాయి ఈగలు. కొన్ని గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. వాటిలో పిల్లలు పెరిగాయి, ఈగలు పుప్పొడి దాచాయి. కొన్ని నల్లగా, వెలుతురు కనబడకుండా ఉంటాయి. అవి ఏళ్ళ తరబడి పిల్లల గదిలో నలిగినవి.

ఈ రంగుల్లో పెద్ద రహస్యం ఉంది. మైనపు పురుగు అని పేరే గాని, ఒట్టి మైనం మీద ఆ పురుగు బతకలేదు. దానికి పుప్పొడి కావాలి, ఈగ పిల్లలు పెరిగినప్పుడు గదుల గోడలకు అంటుకుపోయిన పొరలు కావాలి. అందుకే ముందు నల్ల పట్టు మీదికి పోతుంది, తర్వాత గోధుమ రంగుది. తెల్ల పట్టు జోలికి అరుదుగా వస్తుంది. కొత్త మైనపు పలకల్ని దాదాపు ముట్టదు. నేను ఆ మొదటి ఏడాది నల్లవీ తెల్లవీ కలిపి ఒకే పెట్టెలో పేర్చాను. నల్లవాటిలో కడుపు నింపుకుని బలిసిన పురుగు తెల్లవాటిని కూడా తొలుచుకుంటూ పోయింది.

నల్లవాటిని దాచనే దాచకండి. రెండు మూడేళ్ళు పిల్లల గదిలో ఉన్న పట్టును కరిగించేయడమే మేలు. పాత పట్టులో రోగాలు కూడా దాగి ఉంటాయి. మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. అద్దం మూత ఉన్న పెట్టెలో పెడితే మన మే నెల ఎండే కరిగించేస్తుంది. ఇప్పుడు మబ్బు పట్టింది కాబట్టి గోనెసంచిలో కట్టి, బరువు పెట్టి, వేడినీళ్ళలో ముంచండి. మైనం పైకి తేలుతుంది, మడ్డి సంచిలో ఉండిపోతుంది. ఇనప పాత్ర వాడితే మైనం నల్లబడుతుంది, స్టీలు గిన్నె మంచిది. నీళ్ళు లేకుండా మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, భగ్గుమంటుంది. ఆ మైనమే మళ్ళీ మీకు కొత్త పలకలవుతుంది.

దాచవలసినవాటిలో తేనె తడి ఉంటే, సాయంత్రం పూట బలమైన పెట్టెల మీద ఒక రాత్రి ఉంచండి. ఈగలే నాకి ఆరబెట్టి ఇస్తాయి. పగటి పూట ఆ పని చేస్తే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి.

మూడో పని, లోపల ఉన్న గుడ్డును చంపడం. చలి దేశాల వాళ్ళకు ఈ పని శీతాకాలమే చేసిపెడుతుంది. ఫ్రేముల్ని బయట కొట్టంలో వదిలేస్తే మంచుకు పురుగు చస్తుంది. మనకు ఆ కాపలాదారు లేడు. లంబసింగిలో నాలుగు రోజులు పొగమంచు కురిసిందని మురిసిపోతే లాభం లేదు, మనకు కావలసింది ఆషాఢ శ్రావణాల్లో. ఈ పురుగు, దాని గుడ్డు కూడా చావాలంటే మైనస్ 7 డిగ్రీల్లో నాలుగున్నర గంటలు, మైనస్ 15లో రెండు గంటలు పడుతుంది. అది కూడా ఫ్రేము నడిమధ్య దాకా ఆ చలి చేరిన తర్వాత లెక్క. ఐస్‌క్రీమ్ పెట్టుకునే డీప్ ఫ్రీజర్ సాధారణంగా మైనస్ 18లో నడుస్తుంది. అందులో రెండు రోజులు ఉంచితే సందేహం లేదు. ఫ్రిజ్ కింది అర పనికిరాదు. మిర్చి దాచే శీతల గిడ్డంగి కూడా అంతే. ఆ చల్లదనానికి పురుగు నిద్రపోతుంది గాని చావదు.

చిన్న ఈగల ఫ్రేమయితే ఇంటి ఫ్రిజ్ పై అరలో ఎలాగో ఇముడుతుంది. పెద్ద ఈగల ఫ్రేము పైకర్ర అడుగున్నర దాటుతుంది, దానికి డీప్ ఫ్రీజరే కావాలి. నలుగురు పెంపకందార్లు కలిసి ఒక పాత ఫ్రీజర్ కొనుక్కుంటే, వంతులు వేసుకుని అందరి ఫ్రేములూ చల్లబరచుకోవచ్చు. ఫ్రేముల్ని సంచిలో చుట్టి పెట్టండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి, మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి. లేకపోతే పట్టు మీద నీరు పట్టి బూజు లేస్తుంది.

సంచి అన్నాను కదా, దాని గురించి ఒక హెచ్చరిక. ఫ్రేముల్ని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టేస్తే చాలు అనుకునేవాళ్ళున్నారు. స్పెయిన్‌లో పనిచేసిన ఫెడెరికా బెర్టోక్కిని అనే శాస్త్రవేత్త తన ఇంట్లో తేనెటీగలు పెంచేది. పట్టులోంచి ఏరిన పురుగుల్ని ప్లాస్టిక్ సంచిలో వేసి పెట్టింది. చూస్తే సంచి నిండా చిల్లులు. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలతో కలిసి పరీక్ష పెట్టింది. దుకాణంలో ఇచ్చే సంచి మీద వంద పురుగుల్ని వదిలితే 40 నిమిషాల్లో చిల్లులు కనబడ్డాయి. 2017లో ఆ సంగతి లోకానికంతా తెలిసింది. ప్లాస్టిక్ చెత్తకు మందు దొరుకుతుందేమోనని లోకం సంబరపడింది. మనం నేర్చుకోవలసింది వేరే. పురుగు చచ్చాక కట్టిన సంచి గోడలా నిలుస్తుంది, బయటి చిమ్మట లోపలికి రాదు. పురుగు ఉండగా కట్టిన సంచి, దొంగను లోపల పెట్టి వేసిన తాళం.

ఫ్రీజర్ దొరకనివాళ్ళకు గంధకం ఉంది. ఖాళీ ఫ్రేముల పెట్టెల్ని ఆరుబయట ఒకదాని మీద ఒకటి పేర్చండి. అన్నిటికీ పైన ఒక ఒట్టి పెట్టె పెట్టి, అందులో ఇసుక పోసిన ఇనప మూకుడులో గంధకం కాల్చండి. ఆ పొగ గాలికన్నా బరువైనది, కిందికి దిగుతుంది. సందులన్నీ మట్టితో మెత్తండి. మూకుడు చెక్కకు తగలకూడదు, ఆ పొగ మీరు పీల్చకూడదు. ఆయాసం ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కలకే రాకూడదు. తేనె ఉన్న ఫ్రేములకు ఈ పొగ పెట్టకండి. ఇంకో సంగతి. గంధకం పొగకు పురుగు చస్తుంది, చిమ్మట చస్తుంది, గుడ్డు చావదు. అందుకే రెండు వారాల తర్వాత, ఆ గుడ్లు పగిలి పురుగులు బయటికి వచ్చాక, మళ్ళీ పెట్టాలి. ఒక్కసారి పెట్టి ఊరుకున్నవాళ్ళే గంధకం పనిచేయలేదంటారు. ఈగలకు ఇచ్చే ముందు ఫ్రేముల్ని బాగా గాలికి ఆరనివ్వాలి.

ఇప్పుడు చేయకూడని పని. నా రెండో ఏడాది తప్పు ఇది. మొదటి ఏడాది దెబ్బతిన్నాను కదా, బట్టల బీరువాలో వేసే కలరా ఉండలు తెచ్చి పెట్టె పెట్టెకూ వేశాను. పురుగు రాలేదు. సంతోషించాను. సంక్రాంతికి తేనె తీశాను. ఒక పాత ఖాతాదారు డబ్బా తిరిగి తెచ్చి, "ఏమండీ, ఇది తేనెలా లేదు, పాత పట్టుచీరలా వాసనొస్తోంది" అన్నాడు. మూత తీసి చూస్తే నిజమే. మైనం కొవ్వు లాంటిది. ఆ ఉండల్లోని నాఫ్తలీన్‌ను పీల్చుకుని పట్టుకుంటుంది, ఎండలో నాలుగు రోజులు ఆరబెట్టినా పూర్తిగా వదలదు. ఆ మైనంలో పోసిన తేనెకు అది దిగుతుంది. నాఫ్తలీన్ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. పారాడైక్లోరోబెంజీన్ అనే ఇంకో రకం ఉండలున్నాయి, వాటిదీ ఇదే కథ. ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మరీ ప్రమాదం. మనుషులు పడుకునే ఇంట్లో ఆ వాయువు ప్రాణాలు తీస్తుంది. దాని వాడకం మీద చట్టం కూడా ఆంక్షలు పెట్టింది. పురుగుమందు డబ్బాలున్న గదిలో కూడా ఫ్రేములు పెట్టకండి. మైనం దేన్నీ మరిచిపోదు.

వేపాకు వేయమంటారా అని చాలామంది అడుగుతారు. లోపలున్న పురుగును వేపాకు చంపదు. పచ్చి ఆకు చెమ్మకు బూజు పడుతుంది. వేపాకును నమ్ముకుని తలుపు మూసేసుకోవడమే అసలు ప్రమాదం.

నాలుగో పని, గాలీ వెలుతురూ. అమ్మ చెప్పింది ఇదే. ఈ చిమ్మటకు చీకటి, ఉక్క, కదలిక లేని చోటు ఇష్టం. తెల్ల పట్లను నాలుగు వైపులా గాలాడే కొట్టంలో, వాన జల్లు పడని చోట, ఒక్కో ఫ్రేముకూ మధ్య అంగుళం సందు వదిలి వేలాడదీయండి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెడితే చీమలు ఎక్కవు. ఎలుకల సంగతి కూడా చూసుకోవాలి. పిల్లలు పెరిగిన గోధుమ రంగు పట్లకు మాత్రం ఈ గాలి ఒక్కటే చాలదు. వాటిని ఫ్రీజర్లో పెట్టి తీశాకే ఏ ఏర్పాటయినా.

చివరి పని, చూడడం. ఏకాదశికి ఏకాదశికి ఒకసారి అనుకోండి, పదిహేను రోజుల లెక్క తప్పదు. గుడ్డు పగిలి పురుగు పెరిగి గూడు కట్టేలోగా మీరు రెండు సార్లయినా చూసినట్టవుతుంది. పట్టు మీద సన్నటి దారం కనబడితే చాలు, ఆ ఫ్రేము వెంటనే విడదీయండి. ఒక దారం దగ్గర ఆగితే పోయేది ఒక ఫ్రేము. అది దాటితే నా ఆరు పెట్టెల కథే.

కార్తీకంలో అరకు లోయ వలిసె పూలతో పచ్చబడుతుంది. మైదానంలో కుంకుడు పూత వస్తుంది, ఆ వెనకే ధనియాల చేలు. ఆ రోజు మీరు ఫ్రేము తెచ్చి పెట్టెలో దించగానే ఈగలు దాని మీదికి పాకి, గదుల్లోకి తలలు దూర్చి చూసి, తుడుచుకుని, మర్నాటికి తేనె పోయడం మొదలుపెడతాయి. ఈ నాలుగైదు నెలలు మన చేతిలో ఉన్న కాపలాను అప్పుడు మళ్ళీ వాటికి అప్పగిస్తాం.

అప్పటిదాకా మనదే. ఈ చిమ్మట రాత్రి పూట తిరిగేదని చెప్పాను. కాబట్టి పొద్దున చూద్దాంలే అనుకోకండి. రేడియో కట్టేశాక టార్చి తీసుకుని ఫ్రేములున్న గదిలోకి వెళ్ళండి. అన్నిటికన్నా నల్లగా ఉన్న ఫ్రేమును ముందు ఎత్తి చూడండి. పురుగు ఉంటే అక్కడే ఉంటుంది.